శుక్రవారాల తిల్లి

కసాయి అంగట్లో తిల్లి ఎక్కడ వేలాడుతుందో నాకు ఏడేళ్ల వయసు నుంచే తెలుసు. కార్జం పక్కన, ముదురు ఎరుపులో, పొడుగ్గా నాలుక మాదిరి ఉంటుంది. డాక్టర్లు ప్లీహం అంటారు, మాకు తిల్లి. నాకు రక్తం తక్కువని, గోళ్లు పాలిపోయాయని మా అమ్మ ప్రతి శుక్రవారం మా అన్నను మేక తిల్లి కోసం తరిమేది. వాడు ఆకులో చుట్టి తెస్తే అమ్మ పొయ్యిలోంచి నిప్పులు ఇవతలికి లాగి, వాటి మీద కాల్చి, ఉప్పు చల్లేది. ఆ వాసన నాకు పడేది కాదు. వాడు నా ముక్కు మూసి నోట్లో పెట్టేవాడు, మింగేదాకా వదిలేవాడు కాదు, మింగాక అరచేతిలో దాచుకున్న బెల్లంముక్క ఇచ్చేవాడు. నాకంటే ఆరేళ్లు పెద్దవాణ్ణి వాడు వాడు అని రాస్తున్నానని ఎవరికైనా కష్టంగా ఉంటే కాస్త ఓపిక పట్టండి. ఇదంతా చదివాక కూడా గౌరవించాలనిపిస్తే మీరు గౌరవించుకోండి.

మాది దూది ఏకేవాళ్ల ఇల్లు. నమాజు అరబ్బీలో, మాటలూ తిట్లూ తెలుగులో. అన్న కడపలో దర్గాకు పోయే దారిలో పరుపులు కుడతాడు. నేను కర్నూలు పక్కన కల్లూరులో, కొత్త ఇళ్ల మధ్య ఒక గది తీసుకుని రవికలు కుడతాను. మూడేళ్ల కాపురం తర్వాత నేనే వద్దనుకుని బయటికి వచ్చాను. నా నోటికి తట్టుకోలేక మొగుడే పంపించాడని చుట్టాలు చెప్పుకుంటారు. నోరున్న మాట నిజమే కాబట్టి దాని మీద పెద్దగా వాదించను. పనిలో మాత్రం నాకొక పట్టింపు ఉంది. రవిక కుట్టగా మిగిలిన గుడ్డ, అది వేలెడు పీలికైనా సరే, రవికకే గుండుసూదితో గుచ్చి తిరిగిస్తాను. మనిషి నమ్మి చేతికిచ్చిన గుడ్డలో ఎంత వాడామో, ఎంత మిగిలిందో ఆ మనిషికి తెలియాలి. మిగతా టైలర్లు నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ.

రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. ఎడమ డొక్కలో, పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. ఎప్పుడూ మిషను ముందు వంగి కూర్చునేదాన్ని కదా, నడుము నొప్పే అటు పాకిందనుకున్నాను. తర్వాత గ్యాసు అనుకున్నాను. జీలకర్ర నీళ్లు, వాము, పక్కింటామె ఇచ్చిన మాత్రలు అన్నీ అయ్యాక కర్నూలులో స్కానింగు తీయించుకుంటే, క్లోమం తోకలో గడ్డ ఉందన్నారు. క్లోమం అనేదొకటి నా ఒంట్లో ఉందని తెలిసిందే ఆ రోజు. దానికి తల, తోక కూడా ఉంటాయట. కబురు వినగానే అన్న కడపలో బస్సెక్కి, చొక్కాకు దూది అంటుకుని ఉండగానే వచ్చేశాడు.

మేం కలిసిన కర్నూలు డాక్టరు ఓపిక గల మనిషి. తెల్లకాగితం మీద బొమ్మ గీశాడు. అడ్డంగా పడుకున్న చేప మాదిరి క్లోమం, తోక దగ్గర గడ్డ, ఆ తోక చివర ఆనుకుని తిల్లి. తిల్లికి రక్తం మోసే నాళాలు క్లోమం వెనకే అంటుకుని పోతాయట.

"గడ్డ చెడ్డది కాకపోవచ్చమ్మా. కానీ ఉంచితే చెడ్డదిగా మారొచ్చు. తోకతో పాటు తీసేయాలి. ఆ నాళాలను గడ్డ నుంచి విడదీయగలిగితే మీ తిల్లి మిగులుతుంది. లేకపోతే అదీ పోతుంది," అన్నాడు.

పోతే ఏమవుతుందని అడిగాను. అది లేకుండా కూడా మనిషి బతకొచ్చు, కానీ కొన్ని జ్వరాలను ఒళ్లు తట్టుకోలేదు, గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే తీసేస్తే కొన్ని టీకాలు తప్పకుండా వేయించుకోవాలి, జ్వరం తగిలితే ఇంట్లో కూర్చోకూడదు అని చెప్పాడు. ఆ మాటలు మా అన్న కూడా విన్నాడు. నా పక్క కుర్చీలోనే ఉన్నాడు.

పొట్ట నిలువునా కోయకుండా చేసే పద్ధతులు రెండున్నాయట. ఒకటి లాప్రోస్కోపీ. నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతా వాటిలోంచి కడ్డీల్లాంటి పొడుగాటి పనిముట్లు దించుతారు. సర్జన్ టీవీలో చూస్తూ ఆ కడ్డీలు తన చేత్తోనే తిప్పుతాడు. రెండోది రోబో. దానికీ రంధ్రాలు అలాంటివే. కానీ పనిముట్లు మిషను చేతులు పట్టుకుంటాయి, సర్జన్ పక్కన ఒక పెట్టెలో కళ్లు పెట్టి కూర్చుని వాటిని ఆడిస్తాడు. ఆ పనిముట్ల కొసలు మణికట్టు తిరిగినట్టు అన్ని వైపులా తిరుగుతాయి.

"కరెంటు పోతే ఎట్ల సార్?" అని అడిగాడు మా అన్న.

డాక్టరు నవ్వాడు. "రెండింటికీ కరెంటు కావాలప్పా. ఆసుపత్రిలో జనరేటరు ఉంటుంది."

"ఈ రొండిట్ల ఏది మేలు?"

"తిల్లిని మిగల్చడంలో రోబో మేలని కొందరంటున్నారు. కానీ క్లోమానికి అది ఇంకా కొత్త. రెంటినీ పక్కపక్కన పెట్టి సరిగ్గా తూచి చెప్పినవాళ్లు లేరు. నన్నడిగితే పనిముట్టు కంటే దాన్ని పట్టుకునే మనిషి ముఖ్యం. లాప్రోస్కోపీలో చెయ్యి తిరిగిన సర్జన్ హైదరాబాదులో ఉన్నాడు. రోబో కావాలంటే ఢిల్లీ వైపు ఎక్కడో కనుక్కోవాలి."

ఇక కల్లూరులో నా గదిలో రెండు రోజులు మా ఇద్దరికీ అదే రభస. నాకు రోబోయే కావాలనిపించింది. మణికట్టు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. రవికకు చంక కలిపేటప్పుడు మణికట్టు తిరగకపోతే గుడ్డ ముడత పడుతుంది. ఆ మాటే చెబుతూ, నా మణికట్టుకు కొలకర్ర ఆనించి గుడ్డపీలికతో బిగించి కట్టి, ఆ చేత్తో చంక కుట్టి వాడికి చూపించాను. కుట్టు కుక్క నాకినట్టు వంకరపోయింది.

"కడ్డీలతో చేస్తే ఇట్లుంటాది. నా కడుపులో ఇట్ల కుట్టాల్నా?" అన్నాను.

వాడు తన సంచిలోంచి పరుపులు కుట్టే దబ్బనం తీశాడు. మూరెడు పొడుగుంటుంది. "ఇది వంగుతాదా? వంగదు. పరుపు అవతల పక్క నాకు కనపడతాదా? కనపడదు. అయినా ముడి యాడ పడాల్నో నా చేతికి తెలుస్తాది మే. దూది గట్టిగా ఉండాదా, మెత్తగా ఉండాదా, అంతా ఈ యేళ్లకు తెలుస్తాది. మరకేం తెలుస్తాది? ఆ డాక్టరు యాడో పెట్టెలో తలకాయ పెట్టుకోని కూచుంటాడంట! నిన్ను ముట్టుకోకుండా నిన్ను కోసేదేంది?"

నా వాదన నాకు ఎంత నిజమనిపించిందో వాడి వాదన వాడికి అంతే. ఇద్దరం మా మా పనిముట్లను బట్టే మాట్లాడామని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం వాడి కంట్లో నీళ్లు చూసి నేనే తగ్గాను. ఊరు కాని ఊరు, భాష కాని భాష, ఢిల్లీలో వాడొక్కడు నన్నేసుకుని ఎట్లా తిరుగుతాడని కూడా అనిపించింది.

"సరే, కడ్డీలే కానీ. ఒక్క మాట. తిల్లి ఉన్న్యా పోయినా నాకు చెప్పాల. దాచకూడదు," అన్నాను.

"దాస్తానా? అమ్మ మీన ఒట్టు," అని నా నెత్తిన చెయ్యి పెట్టాడు.

హైదరాబాదులో ఆపరేషను అయింది. కళ్లు తెరిచేసరికి మంచం పక్కన వాడున్నాడు. గొంతులో గొట్టం పెట్టి తీసిన మంట, మాట పెగలడం లేదు. ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి కళ్లతోనే అడిగాను.

"ఉండాది మే. చక్కగా ఉండాది," అన్నాడు.

నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను. అంత హాయిగా నేను ఎన్నడూ నిద్రపోలేదు.

మూడో రోజు సర్జన్ వార్డుకు వచ్చి, కట్లు చూసి, గడ్డ మంచిదేనని రిపోర్టు రావచ్చని చెప్పాడు. వెళ్లబోతూ ఆగి, "మీ అన్న మీకు అన్నీ వివరంగా చెప్పాడు కదమ్మా?" అని అడిగాడు. నేను తల ఊపి, "అంతా చెప్పినాడు సార్," అన్నాను. అన్న కిటికీ బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆ వీపు నాకు ఇప్పటికీ కనపడుతుంది. ఆ రోజు ఆ వీపును చూసి, నా కోసం ఎంత అలిసిపోయాడో అని జాలిపడ్డాను. సిగ్గులేని జాలి.

రిపోర్టు మంచిగానే వచ్చింది. కోలుకునేదాకా కడపలో వాడింట్లోనే మూడు నెలలున్నాను. నా కోసం బూరుగుదూదితో కొత్త పరుపు కుట్టాడు. మొదటి శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చేటప్పుడు ఆకులో చుట్టి మేక తిల్లి తెచ్చాడు. వదిన నిప్పుల మీద కాల్చింది. తర్వాత శుక్రవారం కూడా తెచ్చాడు. ఆ తర్వాతా అంతే. నలభయ్యో పడికి దగ్గరపడిన ఆడమనిషికి పక్కన కూర్చుని, "తిను మే, ఇంగొక ముక్క తిను," అని బతిమాలేవాడు. చిన్నప్పటిలాగే చివర బెల్లంముక్క. నేను నవ్వేదాన్ని. ఇంత ప్రేమ ఎవరికి దొరుకుతుందని వదినతో అనేదాన్ని. ఆమె ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లిపోయేది.

కల్లూరు తిరిగొచ్చాక కూడా అది ఆగలేదు. అన్న ఒకసారి వచ్చి మా వీధి కసాయితో మాట్లాడి, శుక్రవారం నాకొక తిల్లి పక్కన పెట్టమని చెప్పిపోయాడు. జుమ్మా అయిపోగానే ఫోను. "తిన్న్యావా?" తిన్నానని చెప్పేదాకా పెట్టేవాడు కాదు.

ఏడాది దాటింది. కడపకు చూడ్డానికి వెళ్లిన ఒక మధ్యాహ్నం ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. వణుకు పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. జ్వరమే కదా, మాత్ర వేసుకుని పడుకుందామన్నాను. అన్న మొహం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం పరిగెత్తాడు. నాకు గుర్తున్నది అంతే. ఆటోలో తెలివి తప్పిందట.

రెండు రోజుల తర్వాత కడప ఆసుపత్రిలో మనిషినయ్యాను. మూడో రోజు అక్కడి డాక్టరమ్మ, చిన్న వయసు పిల్ల, పొట్ట మీద స్కానింగు కర్ర తిప్పుతూ మామూలుగా అడిగింది.

"ప్లీహం ఎప్పుడు తీసేశారమ్మా?"

"తీయలేదమ్మా. క్లోమం తోక తీసినారు. తిల్లి ఉండాది," అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. ఇంకోసారి ఆ వైపు చూసింది. తెర నా వైపు తిప్పి, అక్కడ ఏది ఉండాలో, ఏది లేదో వేలితో చూపించింది. "టీకాలు వేయించుకున్నారా?" అంది. లేదన్నాను. "మీ పాత కాగితాలు ఎవరి దగ్గరున్నాయి?" అంది.

కాగితాలు తెమ్మని అన్నను ఇంటికి పంపారు. వచ్చేటప్పటికి ఫైలు నిండా బూరుగుదూది పోగులు. ఇంట్లో నాకు కనపడకుండా దాచే చోటు లేక, నేను పడుకునే పరుపులోనే పెట్టి కుట్టేశాడని వదిన తర్వాత చెప్పింది. మూడు నెలలు వాటి మీదే పొర్లాను. ఫైలు డాక్టరమ్మ చదివింది. తిల్లి తీసేసినట్టు, రెండు వారాల్లో టీకాలు వేయించాలని, రోగికి జాగ్రత్తలు చెప్పాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. బతికి బయటపడడం నా అదృష్టమని ఆమె చెప్పింది.

ఆ సాయంత్రం వాడు టిఫిను డబ్బాతో వచ్చాడు. ఆ రోజు శుక్రవారం అన్న సంగతి నేను మరిచిపోయాను. వాడు మరిచిపోలేదు. మూత తీయగానే కాల్చిన వాసన కొట్టింది.

"అన్నా, నా తిల్లి యాడుండాది?" అని అడిగాను.

వాడు డబ్బాకు మూత మళ్లీ బిగించాడు. "నువ్వు ఆ మర ఆపరేషనే కావాలంటివి. నేనే వద్దంటి. పోయిందని యా మొగం పెట్టుకోని చెప్పేది మే?" అన్నాడు.

"టీకాలు?"

"టీకాలు ఏయిస్తే ఎందుకని అడగవా నువ్వు? నీ సంగతి నాకు తెలీదా?"

"అందుకని చావనిస్తివా?"

"అట్లనొద్దు మే!" అని గట్టిగా ఏడ్చేశాడు. "నేనేం ఊరికే కూచున్న్యానా? వారం వారం పెట్టినా కదా. లోపల లేనిదాన్ని బయటి నుంచి పెడితే సరిపోతాదనుకుంటి. నీకు చిన్నప్పుడు రత్తం అట్లనే కదా పట్టింది?"

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండిపోయింది. ఏడాదిగా నేను ప్రేమ అనుకుని మింగిన ప్రతి ముక్కా గొంతులోకి తిరిగొచ్చినట్టయింది. తిల్లి పోయినందుకు కాదు. అది పోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు, నేను ఒప్పుకున్నాను. వాడు నా ఎదురుగా కూర్చుని, నా మొహం చూస్తూ, అమ్మ మీద వేసిన ఒట్టును వారం వారం ఉప్పు చల్లి నాకే తినిపించాడు. పరాయివాడు మోసం చేస్తే తిట్టిపోసి ఊరుకుంటాం. వీణ్ణి ఏం చేయాలో నాకు తెలియలేదు. డబ్బా తీసుకుని పొమ్మన్నాను.

కల్లూరు వచ్చిన వారం, ఇక నాకు తిల్లి తీసిపెట్టొద్దని చెప్పడానికి కసాయి దగ్గరికి వెళ్లాను.

"ఎందుకక్కా, డాక్టర్లు వద్దన్న్యారా?" అన్నాడు అతను కత్తి నూరుకుంటూ. "మీ అన్న శానా చెప్పిపోయినాడే. నీకు లోపల లేదంట కదా, తప్పకుండా ఇయ్యాలని."

అంటే కసాయికి తెలుసు. వదినకు తెలుసు. కత్తి పట్టిన ఆ మనిషి ఏడాదిగా నా పొట్టలో ఏం లేదో తెలిసి, నా చేతికి ఆకు పొట్లం ఇస్తూ, "బాగుండావా అక్కా" అని పలకరిస్తున్నాడు. నా ఒంటి సంగతి తెలియనిది నాకొక్కదానికే. అక్కడ నిలబడలేక ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

తర్వాత ఫైలు తీసుకుని ఒక్కదాన్నే హైదరాబాదు పోయాను. సర్జన్ నన్ను గుర్తుపట్టాడు. జరిగింది విని తల పట్టుకున్నాడు.

"నేనే మీకు నేరుగా చెప్పాల్సింది. మీ అన్న అంతా చెప్పాడని మీరంటే వదిలేశాను," అన్నాడు.

"ఒక్కటి నిజం చెప్పండి సార్. రోబోతో చేయించుకుని ఉంటే మిగిలేదా?"

ఆయన స్కానింగు ఫిల్ము వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "లేదమ్మా. వేరే వాళ్ల సంగతి చెప్పలేను. రెండు పద్ధతుల్లో ఏది గొప్పదో కూడా నేను తేల్చలేను. మీ విషయం మాత్రం చెప్పగలను. మీ గడ్డ ఆ నాళాన్ని చుట్టేసుకుంది. కడ్డీలైనా, రోబో అయినా, పొట్ట మొత్తం తెరిచినా తిల్లిని తీయాల్సిందే. మిగల్చాలని చూస్తే గడ్డ కొంత లోపలే ఉండిపోయేది. ఇదే మాట మీ అన్నకు ఆ రోజు థియేటరు బయట చెప్పబోయాను. తిల్లి పోయిందనగానే ఆయన కింద కూలబడిపోయాడు. మిగతాది వినలేదనుకుంటాను."

బస్సులో తిరిగొస్తూ ఆ మాటే తలచుకున్నాను. దబ్బనానిది తప్పు కాదు. తిల్లి పోయినందుకు వాడిదీ తప్పు కాదు. దాచడానికి అసలు ఏమీ లేని చోట వాడు దాచాడు.

టీకాలు కర్నూలులో వేయించుకున్నాను. ఎవరు చెప్పారో, ఆ రోజు పొద్దున్నే అన్న కడప నుంచి వచ్చి ఆసుపత్రి బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. మనిషి సగమయ్యాడు. నేను బయటికి రాగానే లేచి నిలబడ్డాడు. నా చేతి సంచి అందుకోబోయాడు. అందులో ఫైలుంది. ఇవ్వలేదు.

"హైదరాబాదు పోయొచ్చినావంట," అన్నాడు.

"ఊఁ."

"అడిగినావా? ఆ మరతో చేయించింటే..." వాడికి మాట పూర్తి కాలేదు. ఏడాదికి పైగా వాణ్ణి తినేస్తున్నది ఆ ఒక్క ప్రశ్నేనని నాకు తెలిసిపోయింది. దానికి జవాబు నా నోట్లోనే ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఆ బల్ల మీదే వాడి ప్రాణం కుదుటపడేది.

"ఏమోన్నా. చెప్పలేమన్న్యారు," అన్నాను.

వాడు తల ఊపి మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు. నేను షేర్ ఆటో ఎక్కి కల్లూరు వచ్చేసి, మిషను మీద పడి ఉన్న రవిక పూర్తి చేసి, మిగిలిన గుడ్డ దానికే గుచ్చిపెట్టాను. ఇప్పటికీ శుక్రవారం జుమ్మా కాగానే వాడి నుంచి ఫోను వస్తుంది. తిన్నావా అని అడగడు, ఎట్లుండావని అడుగుతాడు. బాగుండానని చెబుతాను. ఆ జవాబు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.